మార్చి రాసిన ముగింపు

ఈ మధ్య నాకు నవల రాయడం కంటే అంట్లు తోమడమే నయమనిపిస్తోంది. తోమితే అయిపోతాయి. పూట మారితే మళ్లీ పడతాయనుకోండి, కానీ తోమిన గిన్నెను ఎవరూ వెనక్కి పంపించి "సిస్టర్, చివర్లో కొంచెం మార్చండి" అని అడగరు.

మస్కట్‌లోని రూవిలో మేముండేది మూడో అంతస్తులో. కింద ఒక టైలరు దుకాణం, దాని పక్కన ఊళ్లకు డబ్బు పంపే ఎక్స్ఛేంజి. వంటగది కిటికీలోంచి ఎదుటి బిల్డింగులో బ్యాచిలర్ల గదులు, ఆరేసిన లుంగీలు కనబడతాయి, వాటి వెనక గోధుమరంగు కొండలు. నేను పుట్టి పెరిగింది గోదావరి పక్క. పచ్చదనం తప్ప మరొకటి ఎరగని కళ్లకు ఈ కొండలు అలవాటు కావడానికి పదేళ్లు పట్టింది. ఇప్పుడు అక్కడికి వెళ్తే ఆ పచ్చదనమే కళ్లకు ఎక్కువనిపిస్తుంది. "ఇంటికి ఎప్పుడొస్తారు?" అని అక్కడివాళ్లు ఫోన్లో అడుగుతారు. తీరా వెళ్లాక పది రోజులు తిరిగేసరికి మా ఆయన "ఇంక ఇంటికెళ్దాం పద" అంటారు. ఏది ఇల్లో తేల్చుకునే ఓపిక నాకు లేదు. ఆ ఒక్క ప్రశ్న మీద ఇప్పటికే రెండు నవలలు రాసి పడేశాను.

మా ఆయన ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సూపర్‌వైజరు. పొద్దున్న ఐదున్నరకు కంపెనీ బండి వస్తుంది. ఆయన సైట్‌కు వెళ్లాక భోజనాల బల్ల తుడిచి, లాంగ్ నోటుబుక్కు తెరుస్తాను. ఇప్పటికీ చేత్తోనే రాస్తాను. మణికట్టు నొప్పి పుట్టాక మానేసి కూర తరుగుతాను, కూర పొయ్యి మీద పడేసి మళ్లీ రాస్తాను. రాసిన పేజీలను ఫొటోలు తీసి పంపితే, అక్కడ పత్రికవాళ్లు టైపు చేసుకుంటారు. క్రైస్తవ కుటుంబాలు తెప్పించుకునే చిన్న మాసపత్రిక అది. ఊళ్లలో స్త్రీల కూడికల్లో ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్లు వింటారట. క్రైస్తవ రచయిత్రి అంటే బయటివాళ్లకు ప్రసంగాలు చేసే మనిషిలా కనబడుతుంది, లోపలివాళ్లకు ఆ ప్రసంగం కూడా సరిగ్గా చేయడం రాని మనిషిలా కనబడుతుంది. ఇద్దరికీ సమాధానం చెప్పుకుంటూ ఇరవై ఏళ్లు గడిపాను.

"నీ నవలల్లో అందరికీ మారుమనస్సు వస్తుందే," అంటారు మా ఆయన. "మన ఏసీ మెకానిక్కుని కూడా ఒక అధ్యాయంలో పెట్టకూడదూ? చెప్పిన రోజున వస్తాడేమో."

మాకు ఆరాధన శుక్రవారం. ఇక్కడ సెలవు ఆ రోజే కాబట్టి ఆదివారం పని శుక్రవారమే చేసుకుంటాం. చర్చి ఆవరణ ఒకటే, భాషలు అనేకం. ఒక్కో భాషకు ఒక్కో గంట కేటాయించి ఉంటుంది. మా తెలుగువాళ్ల వంతు మధ్యాహ్నం, మలయాళం వాళ్ల తర్వాత. వాళ్లది ముగిసేదాకా హాలు బయట మెట్ల మీద నీడ ఉన్నంత మేర సర్దుకుని కూర్చుంటాం. ఆ మెట్ల మీద జరిగినంత సహవాసం లోపల జరగదని నా అనుమానం.

ఆమె నాకు పరిచయమైంది ఆ మెట్ల మీదే. రాయచోటి వైపు మనిషి. ముప్పై ఆరు, ముప్పై ఏడు ఉంటాయి. సీబ్ దగ్గర ఒక ఒమానీ కుటుంబంలో ఇంటిపని చేసేది. ఆ ఇంటావిడను అందరిలాగే ఆమె కూడా "మామా" అనేది. మామా మంచిదేనని చెప్పేది. రెండు శుక్రవారాలకు ఒకసారి బయటికి పంపేవారు. బైజా బస్సని పిలిచే చిన్న వ్యానెక్కి, ముగ్గురు కూర్చునే చోట నలుగురితో ఇరుక్కుని రూవి దాకా వచ్చేది. చదువు రాదు. సంతకం మాత్రం నేర్చుకుంది.

కొత్త సంవత్సరం ఆరాధనలో మాకొక పద్ధతి ఉంది. వాక్యాలు రాసిన చిన్న చిన్న కార్డులు పళ్లెంలో తిరగేసి పెడతారు. ఎవరి చేతికి వచ్చింది వాళ్లకు ఆ ఏడాది వాగ్దానం. ఆమె కార్డు తీసుకుని నేరుగా నా దగ్గరికి వచ్చేది. నేను చదివి చెప్పేదాన్ని. రెండోసారి చదవమని అడిగేది. మూడోసారి తనే తడబడకుండా అప్పజెప్పేది. ఆ తర్వాత ఏడాదంతా ఆ కార్డు ఫోను కవరులో ఉండేది. ఇలా మూడేళ్లు జరిగింది. దేవుడి మాట నా గొంతులోంచి ఆమె చెవిన పడటం అలవాటైపోయిందన్న సంగతి నాకప్పుడు తట్టలేదు.

ఆరాధన చివర్లో ప్రార్థన మనవులు చెప్పుకుంటారు. నా దస్తూరీ బాగుంటుందని వాటిని పుస్తకంలో రాసే పని నాకు అప్పగించారు. ఆమె మనవి ఎప్పుడూ ఒకటే. "నా బిడ్డ నాతో మాట్లాడల్ల."

సంగతేమిటంటే, భర్త పోయాక ఆరేళ్ల కూతుర్ని తన తల్లి దగ్గర వదిలి ఆమె ఇక్కడికి వచ్చింది. పిల్ల అవ్వనే "అమ్మా" అని పిలుస్తూ పెరిగింది. పన్నెండేళ్లప్పుడు ఆమె సెలవుకు వెళ్లి నెల రోజులుంది. తిరిగి వచ్చే రోజున పిల్ల ఏడుస్తుందని అందరూ భయపెడితే, బడికి పంపించి, అది తిరిగి వచ్చేలోగా బయల్దేరి వచ్చేసింది. సాయంత్రం పిల్ల వచ్చేసరికి తల్లి లేదు. ఆ రోజు నుంచి ఫోన్లో పలకడం మానేసింది. ఫోను ఇస్తే పక్కన పెట్టి వెళ్లిపోతుంది. ఇది రెండేళ్ల మాట.

నేను దీన్ని రాశాను. ప్రార్థనలో చెప్పుకున్నవి బయట చెప్పకూడదన్నది మాలో రాయని నియమం. పేరు మార్చాను, ఊరు మార్చాను, మస్కట్ తీసేసి మరో దేశం పెట్టాను, ఇంక అది నాదే అనుకున్నాను. నవలలు రాసేవాళ్లందరూ ఇలాగే సర్దిచెప్పుకుంటారు. నేను అందరికంటే త్వరగా సర్దిచెప్పుకుంటాను, ఎందుకంటే నాకు ప్రతి నెలా ఇరవయ్యో తారీఖు లోపల అధ్యాయం పంపాలి.

ఇరవై రెండోది చివరి అధ్యాయం. అందులో తల్లి పని మానేసి, ఎవరికీ చెప్పకుండా ఊరికి వచ్చేస్తుంది. పిల్ల అరుగు మీద చదువుకుంటూ ఉంటుంది. తలెత్తి చూస్తుంది. పుస్తకం మూసి, లేచి లోపలికి వెళ్లిపోతుంది. అంతే. అక్కడ ఆపేశాను. చాలా ఏళ్ల తర్వాత నేను రాసినదాంట్లో ఒక్క పేజీ నాకే నచ్చింది.

సంపాదకులు ఫోన్ చేశారు. మంచి మనిషి, ఎప్పుడూ విసుక్కోరు. "బాగుంది సిస్టర్. కానీ ఇరవై రెండు నెలలుగా మనవాళ్లు ఆ తల్లితో కలిసి ప్రార్థన చేస్తున్నారు. చివరికి పిల్ల లోపలికెళ్లిపోయిందంటే వాళ్లకేం చెప్తాం? చివర్లో నిరీక్షణ, ఒక ఆశ ఉండాలి కదా."

వాదించే ఓపిక లేకపోయింది. ఏసీ మళ్లీ పాడై మూడు రోజులైంది, మా ఆయనకు మోకాలి నొప్పి, పప్పు కుక్కర్లో ఉంది. అక్కడే నిలబడి మార్చి రాశాను. పిల్ల పుస్తకం పడేసి పరుగెత్తుకుంటూ వచ్చి, "అమ్మా" అని తల్లిని వాటేసుకుంది. ఆ వాటేసుకోవడానికి నాకు పావుగంట పట్టింది. పప్పు ఉడికేలోపు రెండేళ్ల మౌనం తీర్చేశాను.

పత్రిక వచ్చిన శుక్రవారం ఆమె మెట్ల మీద నా పక్కన కూర్చుంది. నా చేతిలో పుస్తకం చూసి, "నువ్వు రాసిందేనా అక్కా? రవ్వంత చదువు, వింటా" అంది. చదవకుండా ఉండాల్సింది. కానీ పాఠకులు దొరకడం ఎంత కష్టమో రాసేవాళ్లకే తెలుసు. చదివాను. సగానికి వచ్చేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరి పేరా దాకా కళ్లార్పకుండా వింది.

"ఇది నా కథే గదక్కా," అంది.

"చాలామంది తల్లుల కథ," అన్నాను. ఇలాంటప్పుడు చెప్పడానికి మా దగ్గర సిద్ధంగా ఉండే మాట అది.

ఆమె దాన్ని పట్టించుకోలేదు. "నాకు ఇంకా నెల్లో కాంట్రాక్టు అయిపోతాది. మళ్లీ రెండేండ్లకు సంతకం పెట్టమంటాండాది మామా. ఏం జేయల్లో చూపించమని నేను ప్రార్థన చేస్తానే ఉండా." గొంతు బాగా తగ్గించింది. "దేవుడు నీకు చూపించినాడా అక్కా, ఇట్ల జరుగుతాదని?"

అప్పుడే తలుపులు తెరుచుకున్నాయి. మలయాళం వాళ్లు గుంపుగా బయటికి వచ్చారు. నేను చెప్పులు వెతుక్కుంటూ లేచాను. అవునని అనలేదు. కాదనీ అనలేదు. నిజం చెప్పాలంటే, నా రాతలో దేవుడు కనబడ్డాడని ఒకరు అనడం ఇరవై ఏళ్లలో అదే మొదటిసారి. ఆ మాటను కాసేపు నా దగ్గరే ఉంచుకోవాలనిపించింది.

ఆ కాసేపు రెండు వారాలైంది. తర్వాతి సారి వచ్చినప్పుడు ఆమె సాక్ష్యం చెప్పడానికి లేచి నిలబడింది. ఎన్నడూ లేవని మనిషి. "అక్క చేత దేవుడు నాకు చెప్పించినాడు. నేను ఇంటికి పోతాండా. నా బిడ్డ నాతో మాట్లాడతాది," అంది. జరగబోయేదాన్ని జరిగినట్టే చెప్పి ముందుగా స్తోత్రం చెల్లించడం మాలో ఉన్నదే. దాన్ని విశ్వాసమంటాం. పాస్టరుగారు ఆమెన్ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. కొందరు వెనక్కి తిరిగి నావైపు గౌరవంగా చూశారు. నేను కుర్చీకి అంటుకుపోయి కూర్చున్నాను. నా పక్కన కూర్చున్న మా ఆయన నా చేతిలోని మనవుల పుస్తకం తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నారు.

ఇంటికొచ్చాక అంతా చెప్పాను. ఆయన సోఫాలో మోకాలు చాపుకుని విన్నారు.

"చెప్పెయ్యి," అన్నారు. "నీ నవల్లో అయితే ఈపాటికి నువ్వే చెప్పించేదానివి."

"ఆ పిల్ల లోపలికెళ్లిపోతే ఈవిడ తట్టుకోలేదండీ. ఉన్న పని కూడా పోతుంది."

"అందుకే త్వరగా చెప్పెయ్యమంటున్నాను."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ అనేది. తొక్కినప్పుడు ఎవరికీ కనబడదు, కడుక్కునేటప్పుడు మాత్రం ఊరంతా చూస్తుంది.

ఆ తర్వాతి శుక్రవారం ఆమెకు సెలవు కాకపోయినా మామాను అడిగి వచ్చింది. మరునాడు టిక్కెట్టు తీస్తారట. ఆరాధన అయ్యాక బైజా బస్సులు ఆగే చోట, టీ దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. ఎండ ఇంకా తగ్గలేదు. రెండు కరక్ చాయ్ తెప్పించాను. ఆమె సంచిలోంచి ఒక గౌను తీసి చూపించింది. పద్నాలుగేళ్ల పిల్లకు సరిపోతుందా లేదా అని ఆమెకు అనుమానం. పిల్ల ఎంత ఎత్తు ఎదిగిందో తెలియదు.

"దాన్ని లోపల పెట్టు. నీతో ఒక మాట చెప్పాలి," అన్నాను.

చెప్పాను. దేవుడు నాకేమీ చూపించలేదని, ఆమె మనవి విని నేనే కల్పించానని, మొదట రాసింది అది కాదని, పత్రికవాళ్లు అడిగితే కుక్కరు దగ్గర నిలబడి మార్చానని చెప్పాను. ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ నాకు సిగ్గు కంటే ఎక్కువగా అలసట అనిపించింది, ఇరవై ఏళ్ల అలసట ఒక్కసారే మీద పడినట్టు.

ఒక బస్సు వచ్చి, నిండి, వెళ్లిపోయింది.

"అందరి ముందర నిలబడి సాక్ష్యం చెప్పినా," అంది. "ఆ దినమే చెప్పుంటే పోయేది గదా."

"చెప్పి ఉండాల్సింది."

"కార్డులు గూడా ఇట్లనే చదివినావా?"

ఆ మాట నాకు చెంపదెబ్బే. కాదని, కార్డులో ఉన్నది ఉన్నట్టే చదివానని ఒట్టు పెట్టినంత పని చేశాను. నమ్మిందో లేదో తెలియదు. చాయ్ మీద మీగడ కట్టింది. ఇద్దరం ముట్టుకోలేదు.

"ముందర ఏం రాసినావు?"

"పిల్ల తలెత్తి చూసి, లోపలికి వెళ్లిపోతుంది."

"లోపలికి పోయినాక?"

"అంతే. అక్కడ ఆపేశాను."

"వాళ్లమ్మ ఏం జేసింది?"

"రాయలేదు."

ఆమె నావైపు తిరిగింది. ఆ రోజు మొదటిసారి కోపంగా చూసింది. "అట్లెట్లక్కా? పెట్టె పట్టుకోని ఆమె ఆడ వాకిట్లో నిలబడుంటే, గమ్మున ఇడిసిపెట్టి నువ్వు లేసిపోతే ఎట్లా? లోపలికి పోయిన బిడ్డ బయటికి రాకుండా ఉంటాదా? నీళ్లకైనా రావల్ల, బడికైనా రావల్ల. వచ్చేదాంక ఆమె కూసోనుంటాది."

తల్లి కూర్చుంటుందన్నది నాకు తట్టలేదు. లోపలికి వెళ్లిపోవడం నిజం, వాటేసుకోవడం అబద్ధం అనుకున్నాను. ఆ రెండిటి మధ్య ఒక మనిషి ఉంటుందని అనుకోలేదు.

సంతకం పెట్టి సెలవు మీద మాత్రమే వెళ్లమని బతిమాలాను. పిల్ల మాట్లాడితే అప్పుడు ఆలోచించవచ్చని, మాట్లాడకపోతే తిరిగి రావడానికి పని ఉంటుందని నచ్చజెప్పాను. మామాతో మాట్లాడటానికి నేను సీబ్ దాకా వస్తానన్నాను.

"లీవు మీద పోతే నేను మళ్లా వచ్చేస్తానని దానికి తెలుసు," అంది. "అందుకే గదా అది మాట్లాడంది."

బస్సు వచ్చింది. ఎప్పుడూ "పోయొస్తా అక్కా" అనేది. ఆ రోజు అనలేదు. సంచి ఒళ్లో పెట్టుకుని, కిటికీవైపు కాకుండా ఎదురుగా చూస్తూ కూర్చుంది. నేను రెండు గ్లాసులూ దుకాణంలో ఇచ్చి ఇంటికి నడిచాను.

మరుసటి వారం నేను లేచి అందరి ముందూ ఒప్పుకున్నాను. చప్పట్లేమీ పడలేదు. "అంత వివరంగా చెప్పాలా సిస్టర్?" అని తర్వాత ఒకావిడ మెత్తగా మందలించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న సంగతి నాకూ తెలుసు. ఆమె మాత్రం ఆ రోజు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. టిక్కెట్టు ఆ నెలాఖరుకేనని, సంతకం పెట్టకుండానే వెళ్లిపోయిందని సీబ్ నుంచి వచ్చే మరొకావిడ చెప్పింది.

తర్వాత నెల రోజులు నేను ఏమీ రాయలేదు. కొత్త నవల సంగతి సంపాదకులు రెండుసార్లు అడిగారు, ఒంట్లో బాగాలేదన్నాను. పొద్దున్న బల్ల తుడిచి, నోటుబుక్కు తెరవకుండా ఊరికే కూర్చునేదాన్ని. ఆ పిల్ల ఏం చేసి ఉంటుందన్నదే ఆలోచన. ఆమె చేతిలో ఇప్పుడు పని లేదు, దేశం లేదు, వాగ్దానమనుకున్నదీ లేదు. ఉన్నది ఆ వాకిలి ఒక్కటే. దానికి సగం కారణం నేను. ప్రార్థన చేద్దామంటే నోట మాట వచ్చేది కాదు. ఎవరి తరఫున అడుగుతున్నానో, ఆమె తరఫునో, నా తరఫునో, నాకే తేలేది కాదు.

ఒక మధ్యాహ్నం బట్టలు మడత పెడుతుంటే ఫోన్లో ఆమె గొంతు వచ్చింది. వాయిస్ మెసేజ్. వెనకాల కోళ్ల అరుపు, ఎవరో బిందె దించిన చప్పుడు.

"అక్కా, నేను. బాగుండావా. పోయిన దినం నన్ను చూసి అది లోపలికి పోయింది. నువ్వు ముందర రాసినట్లే. నేను వాకిట్లో కూసున్యా. మా యమ్మ రమ్మన్యా పోలా. పొద్దు మునిగినాక అదే వచ్చి చెంబుతో నీళ్లు పెట్టి పాయ. ఇప్పటికి ఇరవై దినాలు. ఇంకా మాట్లాడల్యా. వంట నేనే చేస్తాండా, తింటాది. నిన్న రాత్రి తినేది అయిపోయినాక పళ్లెం నా పక్కకు నెట్టింది, ఇంగొంచెం పెట్టమని. తలెత్తి చూడల్యా. నెట్టింది, అంతే. పెట్టినా."

మెసేజ్ అయిపోయిందనుకున్నాను. మళ్లీ ఆమె గొంతు వచ్చింది.

"దీన్ని రాసుకుంటే రాసుకో అక్కా, నేనేమీ అనుకోను. కాకుంటే ఆడికే ఆపు. దాని మీద నువ్వేం కలపాకు."